హైవే దిగి ఏటి వెంట పడండి

(తిరుగుళ్ళ గురించి మీ ప్రశ్నలకి నా జవాబులు. పోయిన నెల శ్రీముఖలింగం గురించి నాలుగు ముక్కలు రాశా కదా, ఆ పుణ్యమే అనుకుంటా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా శ్రీకాకుళం జిల్లా గురించే. అందుకని ఈ నెల వేరే ఊళ్ళు పక్కన పెట్టి మొత్తం ఇదే.)

ప్రశ్న: అక్కా, నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ వైజాగ్ దాకా ట్రైన్‌లో వచ్చి అక్కడ కారు తీసుకుంటున్నాం. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, దంతపురం, ముఖలింగం, మందస, తేలినీలాపురం, ఇవన్నీ ఒక్క రోజులో కవర్ చేయాలని ప్లాన్. వీలవుతుందా? ఏ ఆర్డర్‌లో వెళ్తే బెటర్? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

వీలవుతుంది తమ్ముడూ, ఎందుకవదు. పొద్దున్నే ఆరింటికి వైజాగ్‌లో బయల్దేరితే రాత్రి పదికి మందసలో తేలతారు, ఫోన్‌లో నాలుగొందల ఫొటోలుంటాయి, ఇంటికెళ్ళాక చూస్తే ఏది ఏ గుడో మీకే తెలీదు. ఇది అనుభవం మీద చెప్తున్నా. మాది గుంటూరు వైపు, నరసన్నపేట దగ్గర ఒక పల్లెకి కోడలిగా వచ్చా, పెళ్ళైన కొత్తలో మా ఆయనకి సెలవు రెండ్రోజులే అని ఒక జీపు మాట్లాడి పొద్దున్నుంచి రాత్రి దాకా ఏడు చోట్లు తిప్పేశారు. ఇప్పుడు ఆ రోజు గురించి అడిగితే నాకు గుర్తున్నది ఆ జీపు హారన్ ఒక్కటే.

మీ లిస్టులో తప్పేం లేదు గానీ అది హైవే మీద కూర్చుని రాసిన లిస్టు. పదహారో నంబరు హైవే నిన్నమొన్నటి దారి, ఈ నేల మీద ఊళ్ళు కట్టుకున్నవాళ్ళు పట్టుకున్నది ఏటిని. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి, ముఖలింగం పక్కనుంచి దిగి, శాలిహుండం కొండ కిందుగా పోయి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ఏటిని మనసులో గీసుకుని చూడండి, మీ లిస్టులో ముఖ్యమైనవి వాటంతటవే వరసలో పడతాయి. చివర్న సముద్రం ఒడ్డున రేవు, రేవుకి కాస్త పైన బౌద్ధుల ఆరామం, ఇంకా పైకి పోతే రాజధాని, దానికీ పైన సవరలనే గిరిజనుల కొండలు. రేవులో ఓడ దిగినవాడు మొదట ఏం చూశాడు, తర్వాత ఎటు నడిచాడు అనుకుంటూ వెళ్తే ఏ గుడి ఎందుకు అక్కడే ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి నా మాట వింటే రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు దిగువ వైపు. పొద్దున్నే అరసవల్లి (ఇది వంశధార మీద కాదు, నాగావళి వైపు, శ్రీకాకుళం ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క), అక్కణ్ణుంచి శ్రీకూర్మం, మధ్యాహ్నం ఎండ తగ్గాక శాలిహుండం, సాయంత్రం కళింగపట్నం ఒడ్డున బ్రిటిష్ కాలం లైట్‌హౌస్ దగ్గర కూర్చోడం. రెండో రోజు మొత్తం ముఖలింగానికే, తిరుగు దారిలో ఓపికుంటే దంతపురం. మందస, తేలినీలాపురం టెక్కలి, పలాస వైపు, అవి ఇంకో ట్రిప్పుకి వదిలేయండి, పైగా తేలినీలాపురం పక్షుల కోసం వెళ్ళాలి, చలికాలంలో వెళ్తే చింతచెట్ల మీద పెలికాన్లూ, ఎర్రకాళ్ళ కొంగలూ ఉంటాయి, తక్కిన రోజుల్లో వెళ్తే ఆ చెట్లే ఉంటాయి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని. పోయిన సంచికలో మీరు గాంగ వంశపు రాజుల రాజధాని కళింగనగరం అంటే ఇప్పటి కళింగపట్నమే అని రాశారు. అది ముమ్మాటికీ తప్పు. సవరించగలరు. (ఒక పాఠకుడు, టెక్కలి)

మాస్టారూ, తప్పే, లెంపలేసుకుంటున్నా. పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని చేతికొచ్చినట్టు రాసేశా. ఒకే ఒక్క ఊరట ఏంటంటే ఈ పొరపాటు నాకంటే చాలా పెద్దవాళ్ళూ చేశారు. శాసనాలు చదవడంలో దిట్ట అనిపించుకున్న ఫ్లీట్ దొరగారు కూడా మొదట్లో కళింగనగరం అంటే కళింగపట్నమే అనుకున్నాడు. కాదు, అది ముఖలింగం అని గట్టిగా నిలబెట్టింది గిడుగు రామమూర్తి పంతులు గారు.

వాడుక భాష అనగానే గిడుగు గారి పేరు వస్తుంది, ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అని చేసుకుంటాం, కానీ ఆయనకి రాళ్ళు చదవడం కూడా వచ్చని చాలామందికి తెలీదు. 1863లో పర్వతాలపేటలో పుట్టారు, ముఖలింగానికి దగ్గరే. పర్లాకిమిడిలో బడిపంతులు ఉద్యోగం చేస్తూ ముఖలింగం గుళ్ళ మీదున్న రాతల్ని, ఎవరూ దగ్గర కూర్చోబెట్టి నేర్పకుండానే పట్టుబట్టి చదవడం నేర్చుకున్నారు. ఆ రాతల్లోనే ఊరి పాత పేరు ఉంది. అంటే సమాధానం ఎక్కడో లైబ్రరీలో లేదు, గుడి గోడ మీదే ఉంది, రోజూ జనం దాని పక్కనుంచే ప్రదక్షిణ చేసి వెళ్ళేవాళ్ళు. అదే మనిషి సవర పల్లెలకి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు అది ఇష్టం లేక రాజమండ్రి వెళ్ళిపోయారు.

ఇంకో మాట కూడా కలుపుతా, ముఖలింగం వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. అక్కడి గోడల మీద వందకి పైగా శాసనాలున్నాయి, వాటిలో చాలా భాగం అనంతవర్మ చోడగంగు కాలానివి, తర్వాతివి. చోడగంగు 1078లో పట్టాభిషేకం అయినవాడు, వాళ్ళమ్మ చోళుల ఆడపడుచు, అందుకే పేరులో చోడ ఉంది, గంగ ఉంది. ఉత్కళ దేశం గెలిచాక రాజధాని కటకానికి మారింది, పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టించింది కూడా ఈయనే. అంటే పూరీలో మనం చూసే ఆ పెద్ద శిఖరం వెనకున్న రాజు ఇక్కడి ఏటొడ్డు నుంచి వెళ్ళినవాడు. మా అత్తగారికి ఈ సంగతి చెప్తే "మరి మనూరోడే కదేటి" అని తేల్చేశారు.

ప్రశ్న: శాలిహుండం వెళ్ళొచ్చాం. నిజం చెప్పాలంటే నిరాశ. ఇటుకల వరసలు తప్ప ఏమీ లేవు. దీనికా మీరంతా అంత ఇదైపోయేది? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

ఇటుకలే ఉన్నాయండి, మీరన్నది నిజం. అక్కడ చెక్కిన తోరణాలు ఉంటాయని ఎవరన్నా చెప్తే వాళ్ళు సాంచీతో కలిపేసుకున్నట్టు.

కానీ ఎన్నింటికి వెళ్ళారు అని అడుగుతా. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కొండెక్కితే నాకూ ఇటుకలే కనపడతాయి, అది కూడా సరిగ్గా కనపడవు, కళ్ళు బైర్లు కమ్ముతాయి. నాలుగు దాటాక వెళ్ళి పైకెక్కి ముందు స్తూపం వైపు కాదు, ఏటి వైపు తిరిగి నిలబడండి. కింద వంశధార, కుడి పక్కకి చూస్తే ఏరు వెడల్పయి సముద్రంలో కలిసే చోటు. అప్పుడు అర్థమవుతుంది వాళ్ళు ఈ కొండే ఎందుకు ఎంచుకున్నారో. రేవులో దిగే ఓడలూ, ఏటి మీద పైకి పోయే పడవలూ అన్నీ కళ్ళ ముందే, కొండ మీదేమో నిశ్శబ్దం. బౌద్ధ భిక్షువులు వర్తకులకి దగ్గరగానే ఉండేవాళ్ళు, దానాలిచ్చేది వాళ్ళే మరి, అలాగని బజారు మధ్యలో ఉండలేరు.

ఆ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా గిడుగు వారే. తర్వాత పురావస్తు శాఖ తవ్వింది. క్రీస్తుకి ముందు మొదలై ఇంచుమించు వెయ్యేళ్ళకి పైనే అక్కడ మనుషులు ఉన్నారు, అందుకే ఒకే కొండ మీద గుండ్రటి చైత్యాలూ (పూజ చేసుకునే మందిరాలు), మెట్ల దారీ, చిన్న స్తూపాలూ, చివరి దశలో వచ్చిన తార, మారీచి లాంటి అమ్మవారి బొమ్మలూ కూడా దొరికాయి. ఆ బొమ్మలు అక్కడి చిన్న మ్యూజియంలో ఉంటాయి, చాలామంది పైకెక్కి దిగి ఆయాసంతో మ్యూజియం వదిలేసి వెళ్ళిపోతారు, మీరూ అదే చేసుంటారని నా అనుమానం. పాత బౌద్ధంలో బుద్ధుడికే బొమ్మ ఉండేది కాదు, పాదాలో చక్రమో చెక్కేవాళ్ళు, అలాంటిది ఆఖరికి తారాదేవి దాకా వచ్చిందంటే మతం ఎంత మారిందో ఒక్క కొండ మీద కనపడుతుంది.

పేరు గురించి కూడా రెండు కథలు చెప్తారు. శాలివాటిక, అంటే వడ్లు దాచే చోటు అని కొందరు, శల్యపేటిక, అంటే ఎముకల పెట్టె అని కొందరు. స్తూపం అంటేనే ధాతువులు, అంటే ఎముకల్లాంటి అవశేషాలు దాచే చోటు కాబట్టి రెండోది పండితులకి నచ్చుతుంది, చుట్టూ వరి చేలు చూస్తే మొదటిది నాకు నచ్చుతుంది.

ప్రశ్న: హాయ్ అక్కా, నేను ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నా, బస్సుల్లోనే. ఇంట్లో వాళ్ళు పల్లెటూళ్ళు, ఒక్కదానివే ఎలా అని ఒకటే గోల. సేఫేనా? ఎక్కడుండాలి? (ఒక పాఠకురాలు, విజయవాడ)

చెల్లీ, నేను చాలాసార్లు ఒక్కదాన్నే తిరిగా. ఇబ్బంది మనుషులతో రాలేదు, లాస్ట్ బస్సుతో వచ్చింది. ఒకసారి ముఖలింగంలో సాయంత్రం హారతి చూసి వద్దామని ఆగి బస్సు మిస్సయ్యా, గుడి ముందు కొబ్బరికాయల కొట్టు పెద్దమ్మ పక్కూరు వెళ్ళే ఆటో ఆపి ఆ డ్రైవర్‌కి నాకంటే ఎక్కువ జాగ్రత్తలు చెప్పి ఎక్కించింది.

ముందు ట్రైన్ సంగతి. టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, నువ్వు దిగేది ఆమదాలవలసలో, శ్రీకాకుళం ఊరు అక్కణ్ణుంచి పదమూడు కిలోమీటర్లు. రాత్రి దిగేలా మాత్రం బుక్ చేసుకోకు. రూమ్ శ్రీకాకుళంలోనే తీసుకో, పల్లెల్లో లాడ్జీలుండవు. కాంప్లెక్స్‌లో ఆర్టీసీ వాళ్ళని అడిగితే ఏ బస్సు ఎన్నింటికో చెప్తారు, ముఖలింగానికి నరసన్నపేట దాకా వెళ్ళి అక్కణ్ణుంచి మారడం తేలిక. ప్రతి ఊళ్ళో దిగగానే మొదటి పని వెనక్కి వచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికి అని అడగడం, దేవుడి దర్శనం తర్వాత.

ఇంకోటి, ఇక్కడ ప్రశ్నలెక్కువ. "ఏ ఊరమ్మా మీది", "ఎవలింటికొచ్చినారు", "ఒక్కదానివే వచ్చినావేటి", "ఇంట్లో ఎవలూ నేరా". సిటీలో పెరిగినవాళ్ళకి ఇది ఆరా తీయడంలా అనిపించి చిరాకొస్తుంది. చిరాకు పడకు, జవాబు చెప్పు. నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పాక ఐదోది "అన్నం తిన్నావా" అని వస్తుంది, ఇక ఆ ఊళ్ళో నీకు భయం లేదు. గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు, ఆ టైమ్‌కి ప్రయాణం పెట్టుకో. శాలిహుండం కొండ మీద ఒక్కోసారి మనిషనేవాడు కనపడడు, సాయంత్రం వెళ్ళమని పైన రాశా గానీ అది గుంపుగా వెళ్ళేవాళ్ళకి, నువ్వు మాత్రం పొద్దున్నే ఎండ ఎక్కకముందు వెళ్ళి దిగిపో. నీళ్ళ బాటిల్ నింపుకో, బాత్రూమ్ దొరికిన చోట వాడుకో, తర్వాత చూద్దాంలే అనుకోకు.

ప్రశ్న: డియర్ మేడమ్, డిసెంబర్‌లో ఇండియా వస్తున్నాం. మా పిల్లలకి తొమ్మిది, పన్నెండు. తెలుగు అర్థమవుతుంది, కానీ గుడి అంటే బోర్ అంటారు. తాతగారి ఊరు పాలకొండ దగ్గర కాబట్టి ఆ చుట్టుపక్కల చూపిద్దామని. ఏం చూపిస్తే వాళ్ళకి ఎక్కుతుంది? (ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

రాజుల పేర్లు, సంవత్సరాలు చెప్పకండి, అంతే. ముందు శ్రీకూర్మం తీసుకెళ్ళండి. అక్కడ ఆవరణలో బతికున్న నక్షత్ర తాబేళ్ళుంటాయి, వీపు మీద నక్షత్రాల్లాంటి చారలు, పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. తాబేలు ఎందుకుంది ఇక్కడ అని వాళ్ళే అడుగుతారు, అప్పుడు కూర్మావతారం చెప్పండి, లోపల దేవుడు కూడా తాబేలు ఆకారమే అని చూపించండి. దేవుడు పడమటి వైపు తిరిగి ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండుంటాయి, మిగతా గుళ్ళకీ దీనికీ తేడాలు కనిపెట్టమని పందెం వేయండి. మండపంలో స్తంభాలు ఒకదానిలా ఇంకోటి ఉండవు, ఒకేలాంటివి రెండు వెతికితే ఐస్‌క్రీం అనండి, ఐస్‌క్రీం కొనే పని పడదు. ప్రాకారం గోడల మీద రంగుల బొమ్మలు కూడా ఉన్నాయి, కొన్ని వెలిసిపోయాయి, చేత్తో తడమొద్దని మాత్రం ముందే చెప్పండి.

ముఖలింగంలో అయితే కథలే కథలు. సవరల నాయకుడికి ఇద్దరు భార్యలట, ఇంటి పక్కన ఇప్పచెట్టు, దాని కొమ్మ ఒకటి ఈవిడ వైపు, ఒకటి ఆవిడ వైపు. ఒకవైపు కొమ్మ నుంచి బంగారు పూలు రాలేవట, రెండోవైపు మామూలు పూలు. సవతుల మధ్య గొడవ రాకుండా ఉంటుందా! విసుగొచ్చి ఆయన గొడ్డలి తీసుకుని చెట్టు నరికితే మొదట్లో శివుడు ముఖంతో కనపడ్డాడట. ఇప్పచెట్టుని సంస్కృతంలో మధుకం అంటారు, అందుకే ఆయన మధుకేశ్వరుడు. ఇది చెట్టు కథ, అడవి మనుషుల కథ, రాజుల కంటే ముందు ఆ దేవుడు ఎవరివాడో ఆ కథే చెప్తోందని నాకు అనిపిస్తుంది. గర్భగుడిలో లింగం వెనక పెద్ద మట్టి గోళెం ఒకటుంది, పిల్లల్లేని కుమ్మరి మొక్కుకుని ఇచ్చాడని దానికీ ఒక కథ, ద్వారంలోంచి అంత గోళెం లోపలికెలా వెళ్ళిందో ఊహించమని మీ పన్నెండేళ్ళవాడిని అడగండి.

అదే ఊళ్ళో భీమేశ్వరుడి గుడి ఉంది, సోమేశ్వరుడి గుడి ఉంది. మధుకేశ్వరుడి దగ్గరే అందరూ టైమంతా అయిపోయిందని వెనక్కి తిరుగుతారు. నన్నడిగితే ఊరి మొదట్లో ఒంటరిగా నిలబడ్డ సోమేశ్వరమే ఆ మూడింట్లోకీ అందమైంది. మండపం లేదు, ప్రాకారం హడావిడి లేదు, నిటారుగా ఒక్క శిఖరం. ద్వారం పక్కన గంగా యమునలు, గుమ్మం పైన నవగ్రహాలు. పిల్లలకి తొమ్మిదీ లెక్కపెట్టే పని అప్పజెప్పి మీరో పది నిమిషాలు ఊరికే కూర్చోండి. శివరాత్రి రోజుల్లో వస్తే వంశధారలో చక్రతీర్థ స్నానాలకి ఒడిశా నుంచి కూడా జనం వస్తారు, కానీ పిల్లలతో ఆ రద్దీలో వద్దు, మీరొచ్చే డిసెంబరే మంచిది, తుపాన్ల బెడద కూడా అప్పటికి కాస్త తగ్గుతుంది.

ప్రశ్న: మేం శ్రీలంక టూర్‌లో క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న గుడి చూశాం. గైడ్ ఇది కళింగ నుంచి వచ్చింది అన్నాడు. మన దంతపురం నుంచేనా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

కళింగ నుంచే అని సింహళంవాళ్ళ సంప్రదాయం కూడా చెప్తుంది. దంతం కళింగ రాజధాని దంతపురంలో ఉండేదని, యుద్ధం మీద పడినప్పుడు రాజకుమారి హేమమాల దాన్ని జుట్టులో దాచుకుని భర్త దంతకుమారుడితో ఓడెక్కి లంక చేరిందని, అది నాలుగో శతాబ్దంలో జరిగిందని. జడలో దాచిన దంతం కోసం తర్వాత రాజులు యుద్ధాలు చేశారు, అది ఎవరి దగ్గరుంటే రాజ్యం వాళ్ళదని నమ్మకం.

ఆ దంతపురం ఏది అన్న దగ్గర మాత్రం పేచీ ఉంది, ఒడిశావాళ్ళు మాదంటారు, మనం సరుబుజ్జిలి మండలంలో ఉన్న దంతవరపుకోట అంటాం. అక్కడ బౌద్ధం ఆనవాళ్ళు బయటపడ్డాయి కాబట్టి మన మాటకీ బలం ఉంది. కోట అన్నారని గోల్కొండలా ఊహించుకుని వెళ్తే మాత్రం దెబ్బతింటారు. మట్టికోట అది. చేల మధ్య గట్టులా లేచి చుట్టూ తిరిగే మట్టి దిబ్బ, దాని మీద గడ్డి, తాటిచెట్లు, మేకలు. దిబ్బెక్కి నడిస్తేనే అది గోడ అని కాళ్ళకి తెలుస్తుంది. ఊరివాళ్ళని అడిగితే బుద్ధుడి పంటి గురించి కాదు, భారతంలో దంతవక్త్రుడి కోట అని చెప్తారు. దంతం ఎవరిదైనా దంతమే కదా అని నవ్వుకుని వచ్చేశా నేను.

ప్రశ్న: మాది పాతపట్నం దగ్గర పల్లె. మా రామాలయం వెనక ఒక రాయి ఉంది, దానిమీద అక్షరాలు. పండగప్పుడల్లా సున్నం వేస్తారు. తెలుగులా ఉంటాయి కానీ చదవరావు. పొడి రాసి చదవొచ్చని యూట్యూబ్‌లో చూశా. చేయొచ్చా? (ఒక పాఠకుడు)

వద్దు తమ్ముడూ. సుద్ద, పిండి, పసుపు, నూనె, ఏదీ రాయకు. వైర్ బ్రష్‌తో సున్నం గీకే పని అసలే చేయకు, సున్నంతో పాటు అక్షరం అంచు కూడా పోతుంది. నీ చేతిలో ఉన్న మంచి పరికరం ఎండ. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడేటప్పుడు వెళ్ళు, అక్షరాల గుంటల్లో నీడ పడి వాటంతటవే తేలతాయి. నీడలో ఉన్న రాయైతే రాత్రి పూట టార్చ్ పక్కనుంచి పట్టుకుని ఫొటోలు తీయి, ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనపడదు. పక్కన స్కేలు పెట్టి, మొత్తం రాయి ఒకటి, ముక్కలు ముక్కలుగా దగ్గర్నుంచి కొన్ని, అలా తీసి రాష్ట్ర పురావస్తు శాఖకి పంపు. తహసీల్దార్ ఆఫీసులో కూడా ఒక కాగితం ఇవ్వు. వాళ్ళు వచ్చి తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీసుకుంటారు, చదివేది దాన్నిబట్టే.

ఈలోపు నువ్వు వెతకాల్సింది ఒకటుంది. మొదట్లో "స్వస్తి శ్రీ" అని గానీ, "శకవర్షంబులు" అనే మాట గానీ, దాని పక్కన అంకెలు గానీ ఉన్నాయేమో చూడు. శకవర్షానికి 78 కలిపితే మన లెక్క వస్తుంది. శ్రీకూర్మంలో నరహరి తీర్థులు యోగానంద నరసింహుడి గుడి కట్టించిన శాసనం శకం 1203, అంటే 1281. ఆయన మధ్వ సన్యాసి, కళింగలో రాజ్యం కూడా చక్కబెట్టినవాడు. అలాంటి పెద్ద సంగతులు నీ రాయి మీద ఉండకపోవచ్చు, నిరాశ పడకు. ఇటువైపు శాసనాల్లో ఎక్కువ భాగం ఫలానా ఆవిడ ఫలానా దేవుడికి అఖండ దీపం పెట్టింది, దానికి నెయ్యి కోసం ఇన్ని ఆవులో ఇన్ని మాడలో (అప్పటి నాణేలు) ఇచ్చింది, అంతే. ఎనిమిదొందలేళ్ళ కింద మీ ఊళ్ళో ఒకావిడ పేరు తెలిస్తే చాలదూ?

ఊళ్ళో పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకుని సున్నం ఆపించకు, ఆ రాయి మీద ఏముందో వాళ్ళకి చదివి వినిపించగలిగిన రోజు వాళ్ళే ఆపేస్తారు. ఇంకో మాట, రాయి కాకుండా పొలం దున్నేటప్పుడు రాగిరేకులో నాణేలో దొరికితే ఇంట్లో పెట్టుకోవడం నేరం, 1878 నాటి చట్టం ఇంకా ఉంది, కలెక్టర్‌కి చెప్పాలి. పాత సామాన్లు కొంటాం అని బైకుల మీద వచ్చేవాళ్ళకి మాత్రం ఫొటో కూడా చూపించకు.

ప్రశ్న: అరసవల్లిలో సూర్యకిరణాలు పాదాలని తాకేది ఏ రోజు? (చాలామంది)

మార్చిలో 9, 10, 11 ప్రాంతాల్లో, మళ్ళీ అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లో, సూర్యోదయం వేళ, మబ్బు లేకపోతే. జనం తెల్లవారుజామునే వచ్చి కూర్చుంటారు, ఆ కిరణం ఉండేది కొద్ది నిమిషాలే. మబ్బు పట్టి వెనక్కి వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నా, రెండుసార్లు.

ప్రశ్న: ఇంటికి తెచ్చుకోడానికి ఏముంటాయి? ఏం తినాలి? (ఒక పాఠకురాలు, కర్నూలు)

ఖర్చు పెట్టగలిగితే పొందూరు ఖద్దరు. షోరూములో కొని వచ్చేయడం కాదు, నూలు వడికే ఇంటికెళ్ళి అడిగి చూడండి. పత్తిని శుభ్రం చేయడానికి వలుగ చేప దవడ వాడతారు, అవును, చేప దవడే, దాని సన్నటి పళ్ళతో దూదిని దువ్వుతారు. కొండపత్తి, పునాస పత్తి అని వాళ్ళ రకాలు వాళ్ళకున్నాయి, ఆడవాళ్ళే చేత్తో అంత సన్నం నూలు తీస్తారు. ఒక ముసలావిడ నాకు ఆ దవడ చేతికిచ్చి దువ్వమంది, నేను దువ్విన దూది చూసి పక్కింటావిణ్ణి పిలిచి మరీ నవ్వించింది. ధర ఎక్కువ అనిపిస్తుంది, ఆ దువ్వడం ఒక్కసారి చేసి చూస్తే బేరం ఆడబుద్ధి కాదు.

ముఖలింగం వైపు వెళ్తే బుడితి దారిలోనే తగులుతుంది, అక్కడ కంచు, ఇత్తడి సామాన్లు చేస్తారు, చిన్న చెంబు తెచ్చుకున్నా చాలు. తినడానికి, వేసవిలో వస్తే తాటిముంజలు, చలికాలమైతే తేగలు, ఎవరింట్లోనన్నా చోడి (రాగి) అంబలి పోస్తే మొహమాటపడకుండా తాగండి. పలాస జీడిపప్పు అందరికీ తెలిసిందే. మందస కోవా కోసం మాత్రం మందస దాకా వెళ్ళాల్సిందే, హైవే పక్కన బోర్డులు పెట్టి అమ్మేదాంట్లో చాలావరకు చక్కెర.

(వచ్చే నెల టెక్కలి వైపు: మందస వాసుదేవుడి గుడి, రావివలసలో పైకప్పు లేకుండా ఎండలోనే ఉండే ఎండల మల్లన్న. ప్రశ్నలు పంపేవాళ్ళు ఏ నెలలో వెళ్తున్నారో కూడా రాయండి, ఆ ముక్క లేకపోతే నేను వానాకాలంలో మిమ్మల్ని మట్టికోట ఎక్కించే ప్రమాదం ఉంది.)